మేదోహరకషాయములు - బోధనుసీమ

నిజామాబాదుమండలములోని బోధనుపట్టణమునకుఁ జెఱకుతోడను, ఇందూరుసీమకుఁ బసుపుతోడను గల సంబంధము లోకవిదితము. ఆయుర్వేదగ్రంథములను బరికించినచో నీ రెండు ద్రవ్యములును మేదోరోగప్రకరణమునకు రెండుకొనల నిలిచియున్నవి. చెఱకురసము బృంహణమనియు, బెల్లము మేదోమాంసకరమనియుఁ జరకసంహిత చెప్పుచున్నది. హరిద్ర యనఁగాఁ బసుపు ఆ సంహితయందే లేఖనీయగణమున, అనఁగా దేహమునఁ బేరుకొన్నదానిని గీఁకివేయు పది ద్రవ్యములలోఁ బఠింపఁబడినది. ఇట్లు నిదానమును ఔషధమును ఒకే నేలఁ బండిన సీమ యిది.

ఇప్పుడు మూఁడవ వస్తువొకటి యంగళ్ళలోఁ గానవచ్చుచున్నది. అది మేదస్సును గరఁగించు మూలికాతేనీరు. చిన్న సంచిలోని పొడిని వేఁడినీట ముంచి త్రాగినచో నడుము సన్నగిల్లుననియు, కాలేయమునఁ జేరిన క్రొవ్వు తొలఁగుననియు, ఇది ప్రాచీనవైద్యుల యుపదేశమే యనియు దాని నమ్మువారు చెప్పుదురు. ఈ మాటలో మొదటిది వైద్యపరీక్షచేఁ దేలవలసినది. కడపటిది చరిత్రచేఁ దేలవలసినది. రెండవ విచారము లేక మొదటిది పూర్తికాదు. ఏలయనఁగాఁ బ్రాచీనులపేర నమ్మఁబడుచున్న వస్తువు ప్రాచీనులు చెప్పినదే యగునా యను సంశయము తీఱనిదే గుణదోషములు ఎవరివో నిర్ణయించుట సాధ్యముగాదు.

ముందుగా దేశమును గూర్చి కొంత చెప్పవలయును. బౌద్ధవాఙ్మయమున నశ్మకజనపదమునకు రాజధానిగాఁ జెప్పఁబడిన పోదననగరము నేఁటి బోధనే యని పెక్కురు చరిత్రజ్ఞుల యభిప్రాయము. భారతమందలి యేకచక్రపురమును ఇదియే యని స్థలప్రసిద్ధి. పట్టణమున నేకచక్రేశ్వరాలయమును గలదు. బండెడన్నమును, దానిని దెచ్చినవానిని గూడ మ్రింగు బకాసురుని కథ యీ యూరితో ముడివడియుండుట ప్రస్తుతవిషయమునకుఁ దగినట్లే యున్నది. ఆ బండియన్నమును దిన్న వృకోదరుఁడు స్థూలుఁడు కాలేదు. తిన్నవెంటనే వానికి బకునితోఁ బోరు తటస్థించినది. తిండికిఁ దగిన శ్రమ యున్నచోట మేదస్సు నిలువదను వైద్యసిద్ధాంతమును జనులు కథారూపమున నెఱిఁగియే యుండిరి.

ఈ సీమయాహారమును మార్చినది మంజీరానది. 1923వ సంవత్సరమున నారంభమై 1931 నాఁటికిఁ బూర్తియైన నిజాంసాగరము, నవాబు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమునఁ గట్టఁబడినది. కాలువనీరు వచ్చినతోడనే మెట్టపొలములు మాగాణులైనవి. వరియుఁ జెఱకును విస్తరిల్లినవి. 1937వ సంవత్సరమున బోధనునందు నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమయ్యెను. దాని చుట్టు వెలసిన వాడకు శక్కర్‌నగరమని పేరు. ఈ పేరు చరిత్ర రమ్యమైనది. సంస్కృతమున శర్కరాశబ్దమునకు మొదటి యర్థము గులకఱాయి. పిదప గులకవలె గట్టిపడిన యిక్షువికారమునకు నది పేరయ్యెను. ఆ శబ్దము ప్రాకృతముగుండఁ దెలుఁగునఁ జక్కెర యైనది. పారసీకమునకుఁ బోయి శకర్ అయినది. ఉర్దూవెంట మరల వచ్చి బోధనుప్రక్కన నొక వాడకుఁ బేరైనది. కర్మాగారము 2002లో భాగస్వామ్యసంస్థచేతికిఁ బోయి, 2015 డిసెంబరు మాసమున మూఁతపడెను. కర్మాగారము మూఁతపడినను జక్కెర తినుట మాత్రము తగ్గలేదు.

ఇఁక శాస్త్రము. చరకసంహితయొక్క సూత్రస్థానమున నిరువదియొకటవదియగు నష్టౌనిందితీయాధ్యాయము స్థౌల్యవిచారమునకు మూలము. అందు లోకముచే నిందింపఁబడు నెనమండ్రు దేహులలో నతిస్థూలుఁడొకఁడు. ఆయుర్హ్రాసము, వేగహాని, దౌర్బల్యము, దుర్గంధము, స్వేదము, అధికమగు నాఁకలిదప్పులు మున్నగు నెనిమిది దోషములు వానికిఁ జెప్పఁబడినవి. హేతువులలో నతిభోజనము, గురుమధురశీతస్నిగ్ధాహారము, వ్యాయామరాహిత్యము, పగటినిద్ర, చింతలేమి యను వానితోఁబాటు బీజస్వభావమును గలదు. స్థౌల్యము తిండిపోతుతనమునకే ఫలమని ఋషి శాసింపలేదు; పుట్టుకతో వచ్చు కారణమును గూడ నెఱిఁగి చెప్పినాఁడు.

అతఁడు చెప్పిన సంప్రాప్తియు గమనింపఁదగినది. మేదస్సు మార్గముల నావరింపఁగా వాయువు కోష్ఠమునఁ దిరిగి జఠరాగ్నిని రగుల్చును. అందుచే స్థూలునకు శీఘ్రముగా జీర్ణమై మరల నాఁకలి పుట్టును. తినుటచే మేదస్సు మఱింత పెరుగును. దావాగ్ని వనమునువలె నీ యగ్నివాయువులు స్థూలుని దహించునని యుపమానము. ఇది యొక చక్రము. ఈ చక్రమును ద్రెంచుటకే చికిత్స.

ఆ చికిత్స యెట్టిదనునదియే ప్రస్తుతవిచారమునకుఁ బ్రాణము. స్థూలునకు గురువును, అపతర్పణమును నగు నాహారము, అనఁగాఁ గడుపునిండియు దేహమును బెంచనిది, ఈయవలయునని నియమము. గుడూచి, ముస్త, త్రిఫల, తక్రారిష్టము, తేనె, విడంగము, శొంఠి, క్షారము, లోహభస్మము, శిలాజతువు మొదలగునవి యౌషధములు. కాని యౌషధములతో నాతఁడు నిలువలేదు. ప్రియంగువు, శ్యామాకము, యవలు, జూర్ణాహ్వము, కోద్రవము, ముద్గములు, కులత్థములు, ఆఢకి యను ధాన్యములను బటోలామలకములతోఁ గూర్చి తినవలయు ననియు, తేనెనీరు ననుపానముగాఁ గొనవలయు ననియుఁ జెప్పినాఁడు. కడపట జాగరణమును, వ్యాయామమును, చింతనమును గ్రమముగాఁ బెంచవలయు ననెను. ఈ 'క్రమముగా' నను పదము చిన్నదైనను చికిత్సయంతయు దానిమీఁద నిలిచియున్నది. నెలదినములలో నింత తగ్గుదురను వాగ్దానమున కీ శాస్త్రమున నెచ్చటను దావు లేదు.

పై ధాన్యములను దెలుఁగున వరుసగాఁ జెప్పిన నవి కొఱ్ఱలు, చామలు, యవలు, జొన్నలు, ఆరికలు, పెసలు, ఉలవలు, కందులు. వీనిలో యవలు తప్పఁ దక్కినవి తెలంగాణపు మెట్టపంటలే. నిజాంసాగరమునకుఁ బూర్వము ఇందూరుసీమరైతు పేదఱికముచేఁ దినిన తిండి చరకుని మేదోహరపథ్యమునకు మిక్కిలి దగ్గఱగా నుండెడిది. కాలువ వచ్చి యాఁకలిని బాపినది. అది గొప్ప యుపకారము. అయినను జొన్నరొట్టె పోయి తెల్లనియన్నమును, అంబలి పోయి చక్కెరవేసిన చాయయు వచ్చుటచేఁ బథ్యము చేజాఱినది. ఇప్పుడు పథ్యమును విడిచి కషాయమును మాత్రము సంచిలోఁ బెట్టి కొనుచున్నారు.

కషాయము ననుదానియర్థమును నిర్ణయింపవలయును. చరకుఁడు లవణరసమును విడిచి తక్కిన రసములుగల ద్రవ్యములకుఁ గషాయకల్పన లైదని చెప్పెను. అవి స్వరసము, కల్కము, శృతము, శీతము, ఫాంటము. శార్ఙ్గధరుఁడు వీనికిఁ గొలఁతలు నియమించెను. క్వాథమునకు ద్రవ్యముకంటెఁ బదియాఱురెట్లు నీరు పోసి యెనిమిదవపాలు మిగులునట్లు కాఁచవలయును. ఫాంటమునకో, దంచిన పలము ద్రవ్యముపైఁ గుడవము, అనఁగా నాలుగు పలముల వేఁడినీరు పోసి వడగట్టిన చాలును. ఈ విభాగమునుబట్టి చూడఁగాఁ దేనీరు క్వాథము గాదు, ఫాంటము. సంచిని ముంచి తీసిన పానీయమును గషాయమను సామాన్యనామముతోఁ బిలుచుట తప్పుగాదు. కాని క్వాథమునకుఁ జెప్పిన ఫలమును దానికంటఁగట్టుట తప్పు. సంచిలోని చిటికెడు పొడికిని, శార్ఙ్గధరుని పలమునకును గల యంతరము చూచినవారికి దెలియును.

తేనీరను పదమునందే యొక భ్రాంతి యున్నది. చీనాదేశమున నీ యాకునకు రెండు పలుకుబళ్ళు. ఒకటి చా, అది పారసీకహిందూస్తానీలగుండఁ జాయ యైనది. రెండవది తే, అది సముద్రమార్గమునఁ బాశ్చాత్యులకుఁ జేరి టీ యైనది. ఆ తేశబ్దమునకు నీరు చేర్పఁగాఁ దేనీరు, ఆకు చేర్పఁగాఁ దేయాకు. తేనెతో నీ పదమున కేసంబంధమును లేదు. తేనె నీరుతోఁ గూడినఁ దేనెనీరే కావలయును. చరకుఁడు స్థూలునకుఁ జెప్పిన మధూదకము తేనెనీరు. తేయాకు చరకుఁ డెఱుఁగఁడు. రెండు పదములును వినుటకు దగ్గఱగా నుండుటచే నొకదాని గౌరవము వేఱొకదానికి సంక్రమించుట సులభము.

నిజాంరాజ్యమున యూనానీవైద్యము రాజాదరణముఁ బొందినది గావున దానిపాలును జెప్పవలయును. యూనానీయులు కషాయమును జోషాందా యందురు. అతిస్థౌల్యమును సమనె ముఫ్రిత్ అందురు. వారి సఫూఫె ముహజ్జిల్ అను కృశీకరచూర్ణమున వాము, జీలకఱ్ఱ, శుద్ధిచేసిన లక్క మున్నగునవి చేరును. ఆ వైద్యమునందును ఔషధమునకుముం దాహారవిహారనియమమే చికిత్స. ఇట్లు బోధనుసీమ యెఱిఁగిన రెండు సంప్రదాయములును బథ్యములేని మేదోహరమును నెఱుఁగవు.

రెండవ వాగ్దానము కాలేయమును గూర్చినది. యకృచ్ఛబ్దము మిగులఁ బ్రాచీనము. ఋగ్వేదము పదియవమండలమున 163వదియగు యక్ష్మనాశనసూక్తమున నంగములనుండి రోగమును దొలఁగించుచోట నది కలదు. పాణిని షష్ఠాధ్యాయమున శసాదిప్రత్యయములు పరమగునపుడు యకృచ్ఛబ్దమునకు యకన్నాదేశమును విధించెను. వేదమందలి రూప మీ యాదేశముతోనే సిద్ధించును. అమరసింహుఁడు దీనికిఁ గాలఖండమని పర్యాయము చెప్పినాఁడు. నల్లనితునుక యని దాని యర్థము. స్వస్థుని కాలేయము ముదురువర్ణము గలది. క్రొవ్వు నిండిన కాలేయము పాలిపోయి పసుపువన్నెకుఁ దిరుగును. అట్టిది కాలఖండమను పేరునకే తగకుండఁబోవును.

ప్రాచీనులు యకృద్వృద్ధిని నుదరరోగములలోఁ జెప్పిరి. మేదస్సును వేఱొకచోటఁ జెప్పిరి. మద్యము త్రాగనివాని కాలేయమున మేదస్సు చేరి దానిని జెఱచునను వ్యాధిని వారు ప్రత్యేకనామముతోఁ బేర్కొనలేదు. పాశ్చాత్యులలోను నీ పేరు క్రొత్తదే. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్కునకుఁ జెందిన లుడ్విగ్ మొదలగువారు మద్యపానము లేనివారి కాలేయశోఫమునకు వేఱు పేరిడిరి. 2023లో నానాదేశవైద్యపరిషత్తులు ఆ పేరును మార్చి జీవక్రియాదోషముతో దానికిఁ గల సంబంధము పేరుననే తెలియునట్లు చేసినవి. భారతప్రభుత్వము 2021లో నీ వ్యాధిని, అంటురోగములు కాని వ్యాధుల నివారణకార్యక్రమమునఁ జేర్చినది.

చెఱకునకు దీనితో నేరుగానే సంబంధము గలదు. చక్కెర యణువునఁ జెఱిసగము గ్లూకోజు, ఫ్రక్టోజు. గ్లూకోజును సర్వాంగములును వినియోగించుకొనును. ఫ్రక్టోజులో నధికభాగము కాలేయముననే పరిణామము చెందును. మితిమీఱినప్పు డది యక్కడనే క్రొవ్వుగా మాఱును. స్థూలుఁడు కానివానికిని నీ వ్యాధి వచ్చుట భారతీయులలోఁ గలదు. 2008లోఁ గనుఁగొనఁబడిన పీఎన్‌పీఎల్‌ఏ3 యను జన్యువుభేద మిట్టి బీజహేతువులలో నొకటి. చరకుఁడు చెప్పిన బీజస్వభావమను పదమున కిది దూరపువ్యాఖ్యగాఁ దోఁచును.

ఇఁక మూలికాతేనీరువలనఁ గలుగు ఫలము. సంచులలో సాధారణముగాఁ జేరునవి పచ్చతేయాకు, సునాముఖి, వృక్షామ్లజాతి ఫలత్వక్కు, పసుపు, తిప్పతీఁగ మొదలగునవి. పచ్చతేయాకుచే భారము తగ్గునా యను విషయమున 2012లోఁ గోక్రేను సమీక్ష వెలువడినది. తగ్గుదల స్వల్పమనియు, చికిత్సాదృష్టితోఁ బరిగణింపఁదగినది కాదనియు దాని నిర్ణయము. సునాముఖి విరేచకము, అది పెద్దప్రేగున బనిచేయును. ఆహారసారము చిన్నప్రేగుననే గ్రహింపఁబడి యుండును గావున విరేచనముచేఁ బోవునది నీరేగాని మేదస్సు గాదు. తూనికరాఁతిపైఁ గనఁబడిన తగ్గుదల రెండుదినములలో మరల నిండును. కాలేయపుఁగ్రొవ్వును దగ్గించునదిగా నిశ్చయింపఁబడినది భారము తగ్గుటయే. నూటికి 5 పాళ్ళు తగ్గినఁ గ్రొవ్వు తఱుగును. 7 మొదలు 10 పాళ్ళు తగ్గినఁ గాలేయశోఫమును శమించును. దానికి మార్గము మితాహారమును వ్యాయామమును.

మేలు స్వల్పమైనను గీడు లేదుగదా యని యడుగువారు గలరు. ఆ ప్రశ్నకుఁ జరిత్రమే యుత్తరము. 1990 తరువాత బెల్జియముదేశమున బ్రసెల్సునగరమందొక కృశీకరణశాలలోఁ జీనామూలికలు గల గుళికల నిచ్చిరి. యోగమునఁ బేర్కొన్నది స్టెఫానియా యను తీఁగ. చీనాభాషలో దానికి ఫాంగ్‌జీ యని పేరు. వాడుకలోఁ బడినది గువాంగ్ ఫాంగ్‌జీ యను వేఱొకటి, అది యరిస్టోలోకియాజాతి. పేరులలోని సామ్యముచే నొకటికి బదులు వేఱొకటి చేరినది. నూటికి మించినవారికి మూత్రపిండములు చెడినవి. పెక్కురకు మూత్రమార్గమున నర్బుదములు పుట్టినవి. 1993లో నీ విషయము లాన్సెట్టుపత్రికలో వెల్లడియైనది. తెలుఁగువా రెఱిఁగిన యీశ్వరితీఁగయు నరిస్టోలోకియాజాతిలోనిదే. శబ్దార్థనిశ్చయము పండితుల వినోదము మాత్రమే యనుకొనువారికి నీ యుదంత మొక్కటి చాలును.

తిప్పతీఁగవిషయము మఱింత దగ్గఱిది. చరకుఁడు స్థౌల్యమునకుఁ జెప్పిన గుడూచియే యిది. కోవిడు మహామారికాలమున జనులు దీనిని దినదినమును విచ్చలవిడిగా సేవించిరి. 2021లో ముంబయినుండియు, 2022లో హైదరాబాదు వైద్యులు ముందునడచిన నానానగరపరిశోధనమునుండియుఁ దిప్పతీఁగ సేవించినవారిలోఁ గాలేయము చెడిన వృత్తాంతములు వెలువడినవి. రెండవదానిలో రోగులు 43 మంది. కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ యీ నిందను నంగీకరింపక, సమానాకృతిగల టైనోస్పోరా క్రిస్పా యను వేఱొక తీఁగతోఁ బొరపాటు కలుగవచ్చునని చెప్పినది. ఏపక్షము సరియైనను బోధ యొక్కటియే. కోసినదేదో తెలిసి, ఎవరికి నెంతకాల మీయవలయునో నిర్ణయించు వైద్యుఁడు నడుమ లేకపోయెను.

ఇందూరుసీమ బంగారమగు పసుపును దీనికి మినహాయింపు కాదు. 2025 జనవరిలో జాతీయపసుపుబోర్డు నిజామాబాదున నారంభమైనది; అది సీమకు గౌరవము. పప్పులో వేయు పసుపువలన భయము లేదు. కాని పసుపుగుళికల వలనఁ గాలేయము చెడిన పదిమంది వృత్తాంతమును 2022లో అమెరికాలోని పరిశోధకులు ప్రకటించిరి. వారిలో నేడుగురకు నొకే జన్యుచిహ్నము గానవచ్చెను. పచ్చతేయాకు సారమువలనఁ జెడినవారిలోను నా చిహ్నమే యధికముగాఁ గలదు. ఐరోపా ఆహారభద్రతాసంస్థ 2018లో, దినమునకు 800 మిల్లీగ్రాములును నంతకు మించియు నీజీసీజీ యను తేయాకుసారమును బూరకముగాఁ గొనినఁ గాలేయమునకు నపాయసూచనలు గలవనియు, సంప్రదాయరీతిఁ గాఁచిన పానీయము సామాన్యముగా నిరపాయమనియు నిర్ణయించినది. ఫాంటమునకును గట్టిపఱచిన సారమునకును భేదమును బ్రాచీనులేల పాటించిరో దీనివలనఁ దెలియుచున్నది. ద్రవ్య మొకటియే, కల్పన మాఱిన గుణము మాఱును.

అన్నింటికంటె ఘోరమైనది మోసము. సిబుట్రమీను ఆఁకలిని జంపు నొక కృత్రిమౌషధము. గుండెకుఁ గీడుచేయునని తేలుటచే 2010లో ఐరోపా, అమెరికాలలోను, 2011లో భారతదేశమునను నది తొలఁగింపఁబడినది. పిమ్మట నదియే మూలికలపేర నమ్మఁబడు కృశీకరణచూర్ణములలోను దేనీళ్ళలోను రహస్యముగాఁ గలుపఁబడుట నానాదేశముల పరీక్షలలోఁ బలుమాఱు బయటపడినది. అట్టి పానీయము శీఘ్రముగాఁ బనిచేయుటయే దాని నేరమునకు సాక్ష్యము. 1954వ సంవత్సరపు ఔషధ, మాంత్రికచికిత్సల యాక్షేపణీయప్రకటనల చట్టమున, ప్రకటనలద్వారా నయముచేయుదుమని చెప్పరాని వ్యాధులపట్టికలో స్థౌల్యమును జేరియున్నది. ఆ చట్టము పుట్టి డెబ్బదియేండ్లు దాఁటినను నంగడిగోడలు దాని నెఱుఁగవు.

కాఁబట్టి సిద్ధాంతమిది. మేదోహరద్రవ్యములను బ్రాచీనులు చెప్పిరనుట నిజము. వానిని దేనీరుగాఁ జేసి పథ్యమును విడిచి త్రాగుమని చెప్పిరనుట నిజము గాదు. వారి చికిత్సకు నాలుగు కాళ్ళు: ద్రవ్యమునకు నామనిశ్చయము, కల్పనకు మాత్ర, ఆహారమునకు నియమము, శరీరమునకు శ్రమ. సంచిలోని తేనీరునకు నీ నాలుగింటిలో నొక్కటియు లేదు. తేనీరు త్రాగుచుండఁగాఁ గన్నులు పచ్చఁబడినను, మూత్రము ముదురురంగు దాల్చినను, అన్నమున నరుచి పుట్టినను దానిని వెంటనే విడిచి, సంచిని గూడఁ దీసికొని వైద్యునియొద్దకుఁ బోవుట కర్తవ్యము. వ్యాధిని గుర్తింపవలసిన కాలము తేనీటిపై నమ్మకముచే గడచిపోవుటయు నొక హానియే. కాలేయము చాలకాలము బాధ నెఱిఁగింపక చెడు నవయవము.

పాఠశాలలలో స్థౌల్యమును గూర్చి పాఠము చెప్పు పండితు లష్టౌనిందితీయమునందలి యౌషధశ్లోకములవద్ద నిలువక ధాన్యశ్లోకములను గూడఁ జదివించుట మేలు. కొఱ్ఱలు, జొన్నలు, ఉలవలు నను పేళ్ళు పిల్లల తాతలకుఁ దెలిసినవే. చరకుని పథ్యము బోధనుపొలముల నొకనాఁడు పండినది. దానిని మరలఁ బండించుటకు నేల యిప్పటికిని గలదు.